గడప మీదే పెట్టాం

మార్గశిర శుద్ధ విదియ

ఈ దినచర్య నేనే రాస్తున్నాను, గుమస్తా రాయలేదు. ఆ మాట మొదట్లోనే చెప్పాలని చట్టం ఉంది కాబట్టి చెప్పాను. నా పేరు అచ్చియ్యమ్మ. తేలుపేట రేవులో, సముద్రం అవతలి నుంచి వచ్చే సరుకులకు జవాబుదారుని. ఊళ్ళో అందరూ జవాబమ్మ అంటారు. వెక్కిరింపుగా మొదలుపెట్టారు, ఇప్పుడదే పేరైపోయింది.

సరుకు తేవడానికి ఇప్పుడు మనుషులు అక్కర్లేదు. ఓడ తనంతట తాను వస్తుంది. గద్దలని మేం పిలిచే ఎగిరే యంత్రాలు పెట్టెలు ఎత్తుకెళ్ళి ఇంటింటికీ చేరవేస్తాయి. లెక్కంతా రేవు గుమస్తా చూసుకుంటుంది. గుమస్తా అంటే గోడలోంచి వచ్చే ఒక గొంతు, అంతే. అయితే సరుకు పోయినప్పుడు తిట్టడానికి ఒక మనిషి ఉండి తీరాలని జనం పట్టుబట్టారు. అందుకు నన్ను పెట్టారు.

పొద్దున గద్దల కళ్ళకు పట్టిన ఉప్పు తుడుస్తుంటే నూకరత్నం వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఆవిడ ఎప్పుడూ పక్కనుంచి రాదు. సరిగ్గా ఎదురుగా వచ్చి, మన మొహం తనవైపు తిరిగేదాకా ఆగుతుంది. రెండు చెవులూ వినపడవు. పెదాలు చూసి మాట పట్టుకుంటుంది.

"నా సెవి రాలేదు జవాబమ్మా," అంది.

 ఆ చెవి సంగతి ఊరందరికీ తెలుసు. కిందటేడు ఆవిడ చెవిలో మిగిలిన కాసిని బతికున్న కణాలు తీసి తూర్పు దీవుల్లోని ఒక చెవుల తోటకు పంపారు. వాటితో వాళ్ళు చింతగింజంత చెవి పెంచారు. ఒడ్డు మీది డాక్టరమ్మ దాన్ని లోపల అమరిస్తే మళ్ళీ వినపడుతుంది. ఇంకోటి పెంచడానికి ఆవిడ దగ్గర కణాలు లేవు. ఇది పోతే ఇక ఈ జన్మకు లేదు.

నూకరత్నం ఊరికే కూచునే మనిషి కాదు, పొగమంచు సరంగు. మంచు దిగిన పొద్దుల్లో తేమకు పడవల కళ్ళు మూసుకుపోతాయి. అప్పుడు నీళ్ళ మీద కట్టిన గంటలు విని, ఏ గంట ఎటుందో పట్టి జ్వరంతో చెవులు పోయేదాకా పడవల్ని చేర్చేది ఆవిడే. ఈ పౌర్ణమికి కొత్తగా సరంగుల్ని ఎంచుతారు. గంట వినపడని సరంగును ఎవరు పెట్టుకుంటారు?

లోపలికెళ్ళి గుమస్తాను అడిగాను.

"సదరు సరుకు అమావాస్య నాడే చేరవేయబడింది," అంది గుమస్తా. "గడప మీదే పెట్టాం."

ఫోటో చూపించింది. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన గడప చెక్క, దాని మీద ఓ మూలగా తెల్లటి పెట్టె. అంతకుమించి ఏమీ కనపడదు. గద్దలు ఇళ్ళలోకి తొంగి చూడకూడదని మేమే పోట్లాడి చట్టం తెచ్చుకున్నాం. గడప వరకే ఫోటో.

"మరి ఆవిడకు అందలేదుగా?"

"తమరి ఆవేదన మాకు అర్థమైంది."

"నీకేం అర్థమైంది, నా తలకాయ," అని బయటికొచ్చేశాను.

చట్టంలో ఇంకో ముక్క ఉంది. సరుకు దొరికేదాకా జవాబుదారు రోజూ కొన్నవాళ్ళ ఇంటికెళ్ళి, ఆ రోజు ఏం చేసిందీ మొహం మీద చెప్పాలి. కబురు పంపితే కుదరదు. దాన్ని మొహం చూపు అంటాం. సాయంత్రం మొదటి మొహం చూపుకు వెళ్ళాను. ఇళ్ళ కింది తెప్పలు ఊగుతుంటే చూసుకోక, వాళ్ళ గడపకు కాలివేలు ఫట్టుమని తగిలింది. ఎత్తు గడప. దాన్నీ, అది కొట్టిన వడ్రంగినీ, నా కళ్ళనూ కలిపి తిట్టాను. నూకరత్నానికి వినపడకపోయినా నా మొహం చూసి పకపకా నవ్వింది.


తదియ

ఇవాళ అందరినీ అడిగాను. అందరూ మర్యాదస్తులే. అదే నా కడుపుమంట.

చెవుల తోటలో ఒకావిడ మాట్లాడింది. గొంతు మంచిదే. "మా ప్రహరీ దాటేదాకా మా పూచీ అండి. పెట్టె క్షేమంగా ఓడ ఎక్కింది. దిగినట్టు ఓడ చెప్పింది," అంది. ఇంకో సంగతి కూడా తనే చెప్పింది. పెట్టెలో చెవికి సరిపడా తిండి ఉంటుందట. అది నవమి దాకా ఆగుతుంది. తిండి తగ్గేకొద్దీ పెట్టె కీచుకీచుమని ఏడుస్తుంది. మూత మీద ఉన్న చిన్న రంధ్రంలో పంచదార నీళ్ళ చుక్క వేస్తే ఇంకొన్నాళ్ళు బతుకుతుంది. ఎలా వెయ్యాలో మూత మీద బొమ్మ కూడా వేశారట. ఎవరు వేస్తారమ్మా, అన్నాను. 

ఓడను పిలిచాను. పెద్ద ఓడ, పాతది, కాస్త అతిశయం. "నేను మోశాను, తడవనివ్వలేదు, రేవులో దించాను. ఆ తర్వాతది నన్ను అడగరాదు," అంది.

గద్ద మాట్లాడదు. దాని జ్ఞాపకంలో ఉన్నది ఒక్క ముక్కే. గడప గింజ పలికింది, పెట్టాను.

గడప గింజ అంటే మా ఇళ్ళ చిరునామా. తెప్పల మీద ఇళ్ళు ఆటుకోసారి పోటుకోసారి జరుగుతూ ఉంటాయి. ఇవాళ పడమట ఉన్న వరస రేపు ఉత్తరాన ఉంటుంది. అందుకని ఊరు కట్టుకున్న రోజుల్లో ప్రతి గడప చెక్కలోనూ ఒక గింజ పొదిగారు. గద్ద దగ్గరికి వస్తే గింజ పలుకుతుంది. దూరాన్నుంచి పిలిస్తే పలకదు.

అంటే ఎవరి వంతు వాళ్ళు సరిగ్గా చేశారు. ఒక్కొక్కరిదీ ఒక్కో గీత, ఆ గీత దాటాక వాళ్ళకు సంబంధం లేదు. ఆ గీతల మధ్యలో చింతగింజంత ప్రాణం ఒకటి ఎక్కడో ఆకలితో ఉంది.


చవితి

మొహం చూపు.

"ఎవరో తీసుంటారక్కా," అన్నాను. చెబుతూ చెబుతూ పక్కకు చూశాను. నాకు ఆ మాట అనడం ఇష్టం లేదు.

"మొకం ఇటెట్టి సెప్పు," అంది నూకరత్నం.

మళ్ళీ చెప్పాను, ఈసారి కళ్ళలోకి చూస్తూ. ఊళ్ళో తెలియనివాళ్ళెవరూ లేరు. నలుగురినీ అడుగుతాను, చాటింపు వేయిస్తాను అన్నాను.

ఆవిడ లేచి నిలబడింది. "మా వరసలో తలుపులకి తాళాలు లేవు. మా ఆయన పోయిన్నాడు నా పొయ్యి ఎవరెలిగించారో నాకిప్పటికీ తెల్దు. ఆళ్ళ గుమ్మాలకెళ్ళి నా సెవి తీసేరా అని అడుగుతావా? అడిగితే మరి నా గుమ్మం తొక్కకు."

"చెవి పోతే?"

"పోతే పోద్ది. ఊరు మాత్రం ఉండాలి కదా."

అంది గానీ, మాట అందనప్పుడు రాయించుకునే పలక తీసుకుని దాని మీద ఏమీ రాయకుండానే తుడిచింది. నాకు చాలా బాధేసింది. ఎవరినీ అడగనని మాట ఇచ్చి వచ్చాను. కాలివేలు మళ్ళీ తగిలింది.


షష్ఠి

ఏమీ లేదు. సరుకు దించే ఇనప చేతుల కింద, ఓడ అడుగున, గద్దల గూళ్ళలో వెతికాను. ఒక గూట్లో ఎవరిదో చెప్పు దొరికింది, ఒంటిది.

ఏమీ లేదని చెప్పడానికి వెళ్ళినదానికి కూచోబెట్టి చేపల పులుసు పెట్టింది. తింటుంటే తల ఎత్తలేకపోయాను. ఎత్తితే మాట్లాడాలి కదా.


సప్తమి

గుమస్తా ఇవాళ తనంతట తానే పలికింది.

"నూకరత్నం గారి వ్యవహారం ముగించదగినదిగా ఉంది. సంతకం పెట్టగలరు. బాధ్యత, కొనుగోలుదారు."

"ఆవిడేం చేసిందని?"

"సరుకు గడప మీద పెట్టబడింది. గడప మీది సరుకును సకాలంలో లోపలికి తీసుకోవడం కొనుగోలుదారు విధి. పెట్టె శబ్దం చేస్తుంది కూడా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "చెవిటి మనిషికి చెవి పంపించి, అది అరుస్తుంది విని తీసుకోలేదేం అంటావా? నీకు ఇంత ఉప్పూకారం పెట్టి పెంచినవాళ్ళుంటే వాళ్ళ మొహం చూడాలనుంది నాకు."

"తమరి ఆవేదన..."

"అర్థమైందిలే, నోరు ముయ్యి."

మూసింది. ఆ ఒక్క సుగుణం ఉంది దానికి. కానీ సంతకం పెట్టేదాకా రోజూ అడుగుతుంది. పెడితే ఆవిడకు ఏమీ రాదు, చెవుల తోట చేతులు దులిపేసుకుంటుంది, ఓడ వెళ్ళిపోతుంది. పెట్టకపోతే మాత్రం చెవి దొరుకుతుందా అంటే అదీ లేదు. నవమి దగ్గరపడుతోంది.


అష్టమి

ముందు నా కాలివేలికి దండం పెట్టుకుని రాస్తున్నాను.

ఇవాళ మొహం చూపుకు వెళ్ళినప్పుడు మళ్ళీ తగిలింది, ఈసారి గోరు లేచింది. అక్కడే కూలబడి, రక్తం తుడుచుకుంటూ ఆ గడపను కసిగా చూశాను. అంచులు పదును పోలేదు. నడిమధ్య కూడా అంచులంత ఎత్తుగానే ఉంది. తొక్కి తొక్కి అరిగిన గడపైతే నాకిలా తగలదు. అప్పుడు ఫోటో గుర్తొచ్చింది. పెట్టె పెట్టిన గడప మధ్యలో పళ్ళెంలా లోతుబడి ఉంది, ఆ లోతులో పసుపు ముద్దగా పేరుకుంది. పరుగెత్తి, అంటే నా మోకాళ్ళు ఎంతవరకు పరుగెత్తనిస్తే అంత, రేవుకెళ్ళి చూసొచ్చాను. అవును. ఆ గడప ఇది కాదు.

"అక్కా, మీ పాత గడపేది?"

నూకరత్నం నా పెదాలు చూసింది. చూసి, కళ్ళు గట్టిగా మూసేసుకుంది. ఆవిడ మాట వద్దంటే చేసే పని అదే. కళ్ళు మూసిన మనిషితో ఇక ఎవరు మాట్లాడగలరు?

చెప్పక్కర్లేదు కూడా. నేనూ తేలుపేటదాన్నే. ఉమ్మడి ఇల్లు విడిపోతే కప్పు ఉండేవాళ్ళది, గడప వెళ్ళేవాళ్ళది. వెళ్ళేవాడు గడప భుజాన వేసుకుని వెళ్ళాలి, ఇల్లు వదిలి పోలేదని గుర్తుగా. ఆవిడ భర్త ఉండగానే మరిది తాతారావు వేరుపడ్డాడు. గడప పట్టుకెళ్ళి అలల వరసలో చివరి తెప్ప మీద ఇల్లు వేసుకున్నాడు. ఆ గడపతో పాటు ఆ ఇంటి చిరునామా కూడా వెళ్ళిపోయింది. ఊళ్ళో సరుకులైతే పేరు పెట్టి కేకేస్తారు కాబట్టి ఎవరికీ తట్టలేదు. గద్ద మోసుకొచ్చే సరుకు నూకరత్నానికి రావడం ఇదే మొదలు. మేమంతా ఎరిగిన సంగతే, గద్దకు చెప్పాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు.

తాతారావుకూ వదినకూ మాటల్లేవు. ఆవిడ గుమ్మం తొక్కనని, పేరెత్తనని నలుగురిలో ఒట్టు పెట్టుకున్నాడు. వెళ్ళాను.

గుమ్మం దగ్గరికి రాకముందే వినపడింది. కీచు కీచుమని, మధ్యమధ్య ఆగుతూ. లోపల తాతారావు చాప మీద కూచుని, మోకాలి మీద తెల్ల పెట్టె పెట్టుకుని, పక్షి ఈకతో చుక్క చుక్క నీళ్ళు వేస్తున్నాడు. పంచదార గిన్నె పక్కనే ఉంది. చుక్క పడగానే కీచు ఆగింది.

"ఓరి దేవుడా," అన్నాను. "నీ దగ్గరుందేంట్రా?"

"నా దగ్గర లేదు. గడప మీద పడింది. కాపలా కాత్తన్నాను."

"ఎవరిదో తెలుసా?"

"పేరుంది కదా దాని మీద." ఆ పేరు మాత్రం పలకలేదు. "మొన్న ఏడుత్తంటే బొమ్మ సూసి నీళ్ళేసేను. దీనికి పొద్దూ మాపూ లేదు. సంటిపిల్లలా ఆకలేత్తే అరుత్తది. ఏటకెల్లడం మానేసేను."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. నిజమే, అడగాల్సిన ప్రశ్న కాదు. ఊరు మునిగిన కాలంలో బిందెలూ బియ్యం డబ్బాలూ ఊయలలూ కొట్టుకొచ్చి ఎవరెవరి గడపలకో ఆనుకునేవి. గడప మీద పడ్డది కాపలాకే గాని సొంతానికి కాదు. పోగొట్టుకున్నవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి అడగాలి. ఇది ఎవరిదీ ఇది ఎవరిదీ అని ఊరంతా తిరిగేవాడు బహుమానం కోసం తిరుగుతున్నాడని అప్పట్లో పెద్దలు అనేవారట. ఇప్పటికీ మా వాళ్ళెవరూ తిరగరు.

"సరే, ఇలా ఇవ్వు. నేను తీసుకెళ్తాను."

"నీది కాదు కదా."

"జవాబుదారునిరా నేను!"

"అయితే జవాబు సెప్పుకో. సరుకుగలావిడ ఒచ్చి అడగాలి. అడిగితే ఇచ్చేత్తాను."

"ఆవిడకు జన్మంతా చెవులు పోతాయిరా తాతారావూ!"

"పోనిత్తానా? తిండెడతన్నాను కదా," అన్నాడు, ఈకను నీళ్ళలో ముంచుతూ. "నేను పిలిత్తే పలకదు. నేను మనిసిని కాదు ఆవిడకి. అన్న పోయిన ఏడు, పడవ తీత్తంటే ఎనకమాల నిలబడి పిలిసేను. ఒదినా, నేనూ ఒత్తాను, ఒక్కదానివీ ఎల్లకు అని. మూడుసార్లు పిలిసేను. రేవంతా సూత్తంది. తిరిగి సూడలేదు. అప్పుడింకా జొరం రాలేదు ఆవిడకి, సెవులు బాగానే ఉన్నాయి. ఇన్నాది. ఇనీ పలకలేదు."

తలొంచుకుని పెట్టె మూత తుడిచాడు. నాకు కోపం రావాలి, రాలేదు.


నవమి

పొద్దున్నే నూకరత్నం ఇంటికి వెళ్ళాను. గడప జాగ్రత్తగా దాటాను.

చెవి దొరికింది, బతికే ఉంది అన్నాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. ఎవరి దగ్గరుందో చెప్పాను. చేతులు వదిలేసింది.

"నేనెల్లను."

"అక్కా, తిండి ఇవాళ్టితో సరి. ఈకతో వేసే చుక్కలు ఎన్నాళ్ళు ఆదుకుంటాయో తోటవాళ్ళకే తెలీదు."

"ఆడి గుమ్మంలో నిలబడి నేనడుక్కోవాలా? నన్ను నలుగురిలో పొగరుబోతుదన్నాడు. రేవులో నిలబడి ఒట్టెట్టేడు."

"మూడుసార్లు పిలిస్తే పలకలేదట కదా నువ్వు?"

"ఎప్పుడు?"

"మీ ఆయన పోయిన ఏడు. పడవ తీస్తుంటే."

నూకరత్నం నా పెదాల మీద పెట్టిన చూపు అలాగే ఉంచింది. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. ఒదినా నేనూ వస్తాను, ఒక్కదానివీ వెళ్ళకు అన్నాడట, అని ఆ మాట కూడా చెప్పాను.

అలా గోడకానుకుని కూచుండిపోయింది. 

"నాకు జొరంతో పోలేదే సెవులు. అప్పటికే ఒక్కటి పోయింది. రెండోది సగం. సరంగు పని తీసేత్తారని ఎవలికీ సెప్పలేదు. ఆయనకీ సెప్పలేదు. గంట మోగితే నీళ్ళల్లో సెయ్యెట్టి అదురు సూసుకుని నడిపేదాన్ని. జొరం ఒచ్చినాక అంతా జొరం మీదెట్టేసేను."

 మంచులో మా పడవలన్నింటినీ ఆవిడ చేత్తో నడిపింది. మేమంతా గాఢంగా నమ్మి కూచున్నాం.

"ఆడు నన్ను పిలిసేడా," అంది. "నాతో ఒత్తానన్నాడా."

ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి.


దశమి

మధ్యాహ్నం పోటు తగ్గాక ఇద్దరం అలల వరసకు వెళ్ళాం. తాతారావు మమ్మల్ని దూరంనుంచే చూసి లోపలికి పోయి, పెట్టె పట్టుకుని వచ్చి గడపకు లోపల నిలబడ్డాడు. ఆవిడ గడపకు బయట నిలబడింది. తను కాపురానికి వచ్చినప్పుడు తొక్కిన గడప అది. ఇల్లు విడిపోయేదాకా తన చేత్తో పసుపు రాసిన గడప. వేరుపడ్డ మగాడు ఇప్పుడు దానికి పసుపు రాసుకుంటున్నాడు. వంకరటింకరగా ఉంది.

తాతారావు నేలచూపులు చూస్తూ ఏదో గొణిగాడు.

"మొకం ఇటెట్టి సెప్పు," అంది నూకరత్నం.

అతను ఎత్తలేదు. ఆవిడ వంగి, అతని గడ్డం కింద వేళ్ళు పెట్టి మొహం పైకెత్తింది. చిన్నప్పుడు అన్నం తిననని మారాం చేస్తే అలాగే ఎత్తి ఉంటుంది. మరిదంటే పేరుకే గాని, ఆవిడ వచ్చేనాటికి వాడింకా లాగులేసుకునే పిల్లాడు.

"నువ్వు పిలిసేవని నిన్నే తెలిసింది నాకు," అంది. "ఆ రోజు నాకినపడలేదురా. అప్పటికే పోయినాయి. సరంగు పని పోద్దని దాసేను. నీకైనా సెప్పాల్సింది."

ఒక్కొక్కటిగా అర్థమవుతుంటే తాతారావు మొహం మారింది. "మూడు..." అన్నాడు. "మూడుసార్లు పిలిసేను ఒదినా."

"ఒక్కటీ ఇనపడలేదు."

ఇక అక్కడ నా అవసరం లేదు, కానీ చట్టం ప్రకారం సరుకు చేతులు మారడం నేను చూడాలి. చూశాను. "నా సెవి నాకియ్యరా," అని అడిగింది. ఇచ్చాడు. ఇస్తూ, "పొద్దున రెండు సుక్కలేసేను, మళ్ళీ దీపాలేలకి అడుగుద్ది. సల్లని నీళ్ళెయ్యకు, గోరెచ్చగా ఉండాలి," అని అప్పగింతలు చెప్పాడు. పెట్టె ఇచ్చేశాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆ ఈక పట్టుకుని నిలబడ్డాడు. చివరికి ఆ ఈక కూడా ఆవిడకే ఇచ్చేసి, పడవ విప్పి, ఒడ్డు మీది ఆసుపత్రి దాకా తనే తీసుకెళ్ళాడు.


చతుర్దశి

ఏకాదశి నాడు డాక్టరమ్మ చెవి అమర్చింది. బలహీనంగా ఉన్నా ప్రాణం గట్టిదే అంది. పెట్టెలో తిండి అయిపోయాక కూడా ఎవరో బాగా చూసుకున్నారు, ఎవరు అని అడిగిందట. ఇవాళ కట్టు విప్పుతామన్నారు.

ఇక్కడ గుమస్తా ఇంకా వదల్లేదు.

"వ్యవహారం ముగింపునకు బాధ్యత నమోదు చేయవలెను. అమ్మకందారు, ఓడ, గద్ద, కొనుగోలుదారు. ఒకటి ఎంచగలరు."

కూచుని ఆలోచించాను. అమ్మినవాళ్ళు తమ గీత దాకా సరిగ్గానే చేశారు. ఓడా అంతే. గద్ద గింజ పలికిన చోటే పెట్టింది. నూకరత్నం గడప ఇచ్చింది, మా ఆచారం అది. పోగొట్టినవాళ్ళని వెతికితే ఎవరూ దొరకరు. దొరికినా ఏం లాభం? చెవి బతికింది వాళ్ళ వల్ల కాదు.

"తాతారావు అని రాయి," అన్నాను.

"సదరు పేరు జాబితాలో లేదు."

"చేర్చుకో."

"ఆయనకు ఈ సరుకుతో సంబంధం ఏమిటి?"

"మరిది."

 "బాధ్యత అనగా నష్టపరిహారం చెల్లించవలసిన..."

"బాధ్యత అంటే ఏడుస్తుంటే విని లేచినవాడు. రాసుకో, లేకపోతే ఆ మాట అర్థం నువ్వే మార్చుకో. నేను సంతకం పెట్టేది దీనికే."

రాసుకుంది. కింద సంతకం పెట్టాను. రేపటినుంచి ప్రతి గడపకూ వెళ్ళి ఏ గింజ ఏ ఇంట్లో ఉందో రాసుకొచ్చే పని కూడా పెట్టుకున్నాను. ఈ వయసులో, ఈ మోకాళ్ళతో.


పౌర్ణమి

తెల్లవారుతుండగా మంచు దిగింది. రేవులో సరంగుల్ని ఎంచడానికి పెద్దలు చేరారు. పడవ నడపాల్సినవాళ్ళు నీటివైపు తిరిగి, వెనక్కి చూడకుండా కూచోవాలి. నూకరత్నం చివరి మెట్టు మీద కూచుంది. చెవి వెనక ఇంకా చిన్న దూదిపింజ ఉంది. గంటలు కట్టడం ఇంకా అవలేదు. ఎవరూ మాట్లాడటం లేదు.

తాతారావు వచ్చాడు. జనం వెనకే ఆగిపోయాడు. ఆవిడ వీపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. నేను వెళ్ళరా అన్నట్టు చెయ్యి ఊపాను. వెళ్ళలేదు. ఉన్నచోటే ఉండి, పెద్దగా కూడా కాదు, మామూలు గొంతుతో పిలిచాడు.

"ఒదినా."

ఆవిడ కదల్లేదు. నీళ్ళవైపే చూస్తోంది.   తాతారావు మొహం పాలిపోయింది. ఒక అడుగు ముందుకేసి, మళ్ళీ పిలిచాడు.

"ఒదినా."

"ఇనపడిందిరా," అంది నూకరత్నం, వెనక్కి తిరక్కుండానే.  "మొదటిసారే ఇనపడింది. ఇంకోసారి పిలుత్తావేమోనని ఊరుకున్నాను."